ఆబూ యాత్ర: దిల్వాడా దేవాలయములను నిలిపిన ఏర్పాటు

దక్షిణాదికి వ్యాపారమునకై వచ్చి స్థిరపడిన జైన కుటుంబములలో పెక్కింటికి మూలగ్రామములు రాజస్థానమునందలి సిరోహి, జాలోరు, పాలీ జిల్లాలలో ఉన్నవి. పెండ్లికో, ఊరి దేరాసరులో జరుగు ఉత్సవమునకో అటు వెళ్లినప్పుడు ఆబూరోడ్డు స్టేషనులో దిగి, ఉదయము మోటారులో కొండ ఎక్కి, ఒక్క పూటలో అన్నియు చూచి, చీకటి పడకముందే దిగివచ్చుట చాలమందికి అలవాటు. పెద్దలకు దర్శనము, పిల్లలకు సరస్సులో పడవ, ఆడవారికి బజారు. దీనితో ఆబూ యాత్ర అయినదని తలచుచుందురు.

ఆ కొండ అంత త్వరగా ముగియునది కాదు. అక్కడి గుడుల నగిషీని గురించి వ్రాయనివారు లేరు. గాని ఆ గుడులు సుమారు వేయి ఏండ్లుగా ఎట్లు నిలిచి ఉన్నవి, ఎవరు ఏ పూట ఏ పని చేయవలెనని ఎవరు నిర్ణయించిరి, పగిలినప్పుడు ఎవరు బాగుచేయించిరి అను విషయములను విచారించువారు తక్కువ. లెక్కలు వ్రాసికొను కుటుంబములకు ఈ సంగతి నగిషీకంటె ఎక్కువ తెలియవలసినది.

కొండ

ఆబూ అరావళి శ్రేణికి నైరుతి భాగమున, తక్కిన కొండలనుండి విడివడి నిలిచిన పర్వతము. పూర్వగ్రంథములలో దీనికి అర్బుదాచలమని పేరు. ఊరు సముద్రమట్టమునకు సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్నది. గురుశిఖరము 1,722 మీటర్లు. అరావళి శ్రేణి అంతటిలో ఇదియే ఎత్తైనది. రైలు కొండ క్రింద ఆబూరోడ్డు వరకే వచ్చును. అక్కడినుండి ఘాట్ రోడ్డు సుమారు 28 కిలోమీటర్లు. దక్షిణాదినుండి వచ్చువారికి అహమ్మదాబాదు మీదుగా వచ్చుట సులభము.

ఎండిన సిరోహి మైదానమునుండి పైకి ఎక్కుచున్నకొలది గాలి మారును. వెదురు, మామిడి, ఈత చెట్లు, వాక పొదలు కనబడును. వేసవి చివరలో వాక్కాయలు పండును. వర్షాకాలమున మబ్బు రోడ్డుమీదికి దిగి ఎదుటి మోటారు కనబడదు. చలికాలమున తెల్లవారుజామున నీరు గడ్డకట్టునంత చలి వేయు రోజులును కలవు. కోస్తా తేమకు అలవాటుపడిన ప్రాణములు ఉన్ని దుస్తులు లేకుండ పోరాదు. 1960లో ఈ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2009లో ఆబూ చుట్టుప్రక్కల ప్రదేశమును పర్యావరణ రక్షణ మండలముగా ప్రకటించిరి. అడవిలో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నవి గనుక చీకటిలో కాలిబాటల వెంట ఒంటరిగా పోవుట మంచిది కాదు.

1845లో సిరోహి ప్రభువు ఆంగ్లేయులకు ఆరోగ్య నివాసమునకై ఇక్కడ స్థలమిచ్చెను. తరువాత రాజపుటానా గవర్నరు జనరల్ ఏజెంటు ఇక్కడ నివసించెను. 1950లో ఆబూ బొంబాయి రాష్ట్రమున చేరి, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనతో రాజస్థానమునకు తిరిగివచ్చెను. యాత్రికునకు ఈ చరిత్ర ఇంతమాత్రము చాలును.

విమలుని గుడి

ఊరినుండి దిల్వాడా మూడు కిలోమీటర్ల లోపే. వెలుపలినుండి చూచినచో సాదా గోడలు, సాదా గోపురములు. ఇందుకా ఇంత దూరము వచ్చితిమని క్రొత్తవారు అనుకొనుటయు కలదు. లోపల అడుగు పెట్టినప్పుడుగాని విషయము తెలియదు.

మొదటి గుడి విమల వసహి. గుజరాతు చౌళుక్య ప్రభువు మొదటి భీమదేవుని దండనాయకుడగు విమలుడు విక్రమ సంవత్ 1088లో, అనగా క్రీ.శ. 1031లో, ఋషభదేవునకు కట్టించెను. ఇతడు ప్రాగ్వాట (పోర్వాడ్) వంశమువాడు. ఈ కట్టిన సంవత్సరమును చెప్పుచున్నది దాదాపు మూడువందల ఏండ్ల తరువాత, జీర్ణోద్ధారము జరిగిన సంవత్ 1378 నాటి శాసనము. గుడి బాగుచేయించినవారు మొదట కట్టించినవాని పేరును, సంవత్సరమును మరువక చెక్కించిరి. నేడు పాత గుడికి రంగు వేయించినవారు కూడ తమ పేర్లు మాత్రమే పెద్ద అక్షరములతో వ్రాయించుకొనుట చూచుచున్నాము గనుక ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పవలసివచ్చినది.

స్థలమునకై విమలుడు నేలమీద బంగారు నాణెములు పరచి ఆ మేరకు వెల ఇచ్చెనని ఒక కథ. చెక్కగా రాలిన పాలరాతి పొడి ఎంత తూగితే అంత వెండి శిల్పులకు కూలి ఇచ్చిరని మరియొక కథ. ఇవి రెండును జనశ్రుతులు. శాసనములలో లేవు. అయినను రెండవ కథలో వ్యాపారస్థుడు పట్టుకొనదగిన ఒక తెలివి కలదు. రాతిని ఎంత పలుచగా చెక్కితే అంత కూలి వచ్చునని పెట్టినచో పని త్వరపడదు, పలుచబడును. కప్పులోని కొన్ని పద్మముల రేకులు కాగితమువలె వెలుగును తమలోనుండి పోనిచ్చుట చూచినవారు ఈ కథ ఎందుకు పుట్టినదో గ్రహింతురు.

యాత్రికులు తలలెత్తి చూచు రంగమండపము విమలుని కాలమునాటిది కాదు. దానిని పండ్రెండవ శతాబ్ది మధ్యలో ఆ వంశమువాడే అగు పృథ్వీపాలుడను మంత్రి చేర్చెను. అందు పదునారుగురు విద్యాదేవతలు గుమ్మటము చుట్టు నిలిచి ఉందురు. ఏనుగుల శాలయు పృథ్వీపాలుడు కట్టించినదే. ఒక తరమువారు మూలస్థానము కట్టిరి, మరి వంద ఏండ్లకు మరియొక తరము మండపము చేర్చెను. అన్నియు ఒక్కని పేరనే కావలెనను పట్టుదల వారికి లేకపోయెను.

వాడబడిన పాలరాయి ఆబూలో దొరకునది కాదు. అంబాజీ దగ్గరి ఆరాసణ కొండలనుండి తెచ్చిరి. మోటారు రోడ్డులేని దినములలో ఆ బరువును ఈ కొండమీదికి ఎక్కించిన కూలీల పేర్లు ఏ శాసనమునను లేవు.

అనుపమాదేవి

రెండవ గుడి లూణ వసహి. ధోల్కాలోని వాఘేలా ప్రభువు వీరధవలుని మంత్రులు వస్తుపాలుడు, తేజఃపాలుడు అను అన్నదమ్ములు. వస్తుపాలుడు ఖంభాత్ రేవుకు అధికారిగా నుండినవాడు. సంవత్ 1287లో, క్రీ.శ. 1230లో, తేజఃపాలుడు ఈ గుడిని నేమినాథ స్వామికి కట్టించగా, విజయసేనసూరి ప్రతిష్ఠ చేసెను. చిన్ననాడే చనిపోయిన అన్న లూణిగుని జ్ఞాపకార్థము కట్టిరని వాడుక. శాసనము మాత్రము భార్య అనుపమాదేవి, కుమారుడు లూణసింహుడు అను ఇరువురి పుణ్యార్థమని స్పష్టముగా చెప్పుచున్నది.

ఇక్కడి స్థపతి శోభనదేవుడు. ఇతని పేరు నిలిచినది. ప్రబంధములలో ఇతనిని గూర్చి ఒక కథ కలదు. పని నెమ్మదిగా సాగుట చూచి అనుపమాదేవి కారణమడిగెను. కొండమీద చలి, ప్రొద్దుటి వేళ చేతులు ఆడవు. మధ్యాహ్నము ఎవరి వంట వారు చేసికొనవలెను, పూట గడచిపోవును అని అతడు చెప్పెను. ఆమె పనిచేయుచోట నిప్పుకుంపట్లు పెట్టించి, అందరికి వండి పెట్టు ఏర్పాటు చేయించి, పనివారిని జట్లుగా విభజింపించెను. కూలి పెంచుమని భర్తతో చెప్పలేదు, త్వరపెట్టుమని శిల్పిని గద్దించలేదు. కథలో ఎంత నిజమో ఎంత కల్పనయో నేడు తేల్చుటకు వీలులేదు. గాని పనివారిచేత పని చేయించిన అనుభవముగల వారెవరో దీనిని మొదట చెప్పి ఉందురు.

గుమ్మటమునుండి వ్రేలాడు పద్మము ఈ గుడికి ప్రాణము. దాని చుట్టు ఒక వలయములో 72 తీర్థంకరమూర్తులు, మరియొక వలయములో 360 మంది చిన్న మునిమూర్తులు కలవు. గుడి వెనుక పది పాలరాతి ఏనుగులును, వాని వెనుక గోడలో వస్తుపాల తేజఃపాలుర కుటుంబమువారి నిలువు విగ్రహములును, భార్యలతో సహా, ఉన్నవి. చేతులు జోడించి, దాతలుగా నిలిచిరి.

గర్భగృహద్వారమునకు ఇరుప్రక్కల ఉన్న రెండు గూళ్లను దేరాణీ జేఠాణీ గూళ్లని పిలిచి, తోడికోడండ్రు ఇద్దరు పోటీపడి కట్టించిరని మార్గదర్శకులు చెప్పుచుందురు. పిల్లలు నవ్వుదురు. రెండు గూళ్లమీది శాసనములును తేజఃపాలుడు తన రెండవ భార్య సుహడాదేవి పుణ్యార్థము చేయించెననియే చెప్పుచున్నవి. పోటీ ఏమియు లేదు. గోడమీద వ్రాసియున్నదానిని చదువక వినికిడిని నమ్ముట యాత్రలలో మామూలు.

శాసనములోని ఏర్పాటు

లూణ వసహిలో రెండు పెద్ద శాసనములు కలవు. ఒకటి సోమేశ్వరకవి రచించిన ప్రశస్తి, వంశవర్ణన, స్తుతి. పండితులు దీనినే ఎక్కువగా మెచ్చుకొందురు. రెండవది వాడుక మాటలతో, సంస్కృతము సరిగా కుదరక, పేర్ల జాబితాతో నిండినది. యాత్రికుడు తెలిసికొనవలసినది ఈ రెండవదానిని.

ఇది గుడి నిర్వహణ పత్రము. ముందుగా బాధ్యులెవరో చెప్పును: మల్లదేవుడు, వస్తుపాలుడు, తేజఃపాలుడు అను అన్నదమ్ములు, వారి సంతానము, వారితోపాటు చంద్రావతిలోని అనుపమాదేవి పుట్టింటివారు, అనగా ఆమె అన్నదమ్ములు, వారి సంతానము. స్నాత్రము, పూజ మొదలగునవి వీరు ఎల్లప్పుడు జరిపించవలెను. మంత్రులు దూరమున ధోల్కాలో ఉందురు. చంద్రావతి కొండక్రిందనే ఉన్నది. మగవారి వంశముతో సరిపెట్టక భార్య పుట్టింటివారిని శాసనపూర్వకముగా బాధ్యులను చేయుట ఆ కాలమునకు చిన్న సంగతి కాదు. దగ్గరనున్నవానికి పని, అధికారము రెండును అప్పగించినచో పని సాగునని వారు లెక్కవేసిరి.

తరువాత వార్షికోత్సవము. ప్రతిష్ఠ జరిగిన తిథి దక్షిణాది లెక్కకు ఫాల్గుణ బహుళ తదియ. ఉత్తరాదివారి లెక్కకు చైత్ర బహుళ తదియ. ఆనాటినుండి దశమి వరకు ఎనిమిది దినములు ఉత్సవము. ఒక్కొక్క దినము ఒక్కొక్క చోటి శ్రావకులు జరిపించవలెనని ఊరు పేరు, ఆ ఊరిలోని శ్రావకుల పేర్లు, వారి తండ్రుల పేర్లు వరుసగా చెక్కిరి. కాసహ్రదము, ముండస్థలము మొదలైన ఊళ్లు ఈ పట్టికలో ఉన్నవి. ముండస్థలము నేటి ముంగథలా. ఆబూరోడ్డుకు దగ్గరనే ఉన్నది. ఇక నేమినాథుని పంచకల్యాణకములు జరిపించు భారము కొండమీద దిల్వాడాలో కాపురమున్న శ్రావకులది.

ఇందులోని తెలివి గమనింపదగినది. మంత్రులకు ధనము లేక కాదు. ఎనిమిది దినముల ఖర్చు తామే భరించగలరు. అట్లు చేసినచో వారి అధికారము పోయిననాడు ఉత్సవమును పోవును. ఊరికొక దినము పంచినందున ఏ ఊరు తప్పినను తక్కిన దినములు సాగును. తప్పిన ఊరి పేరు గోడమీద అందరికి కనబడుచుండును.

మరియొక భాగము ఇంకను ఆశ్చర్యకరము. చంద్రావతి పరమార ప్రభువు సోమసింహుడు పూజకై ఒక గ్రామమును దానమిచ్చెను. అంతేగాక రాజపుత్రులు, చుట్టుప్రక్కల ఊళ్ల బ్రాహ్మణులు, అచలేశ్వర, వసిష్ఠ దేవస్థానముల అధిపతులు, తపస్వులు, వీరందరు తమంతట తామే నేమినాథుని మండపము దగ్గర కూర్చుండి ఈ గుడిని ఆచంద్రార్కము రక్షింతుమని ఒప్పుకొనిరట. శైవ మఠమువారు జైనాలయ రక్షణకు మాట ఇచ్చిరి. ఆ మాటను జైనులు రాతిమీద ఎక్కించిరి. ఇరుగుపొరుగు మతములవారితో కలిసి వ్యాపారము చేసికొని బ్రదుకు కుటుంబములకు ఇది పరదేశపు సంగతి కాదు.

పగిలినప్పుడు

ఎంత ఏర్పాటు చేసినను ఆపదలు రాక మానవు. 1311 ప్రాంతమున అల్లాఉద్దీన్ ఖల్జీ సేనలవలన రెండు గుడులును దెబ్బతినెను. పది ఏండ్లకే, సంవత్ 1378లో, అనగా 1321-22లో, జీర్ణోద్ధారము జరిగెను. విమల వసహిని లల్లుడు, వీజడుడు అను బంధువులు బాగుచేయించిరి. లూణ వసహిని చండసింహుడను వర్తకుని కుమారుడు పేథడుడు బాగుచేయించెను. వీరెవరును మంత్రులు కారు.

ఆ కాలమునందే ఉన్న జినప్రభసూరి తన వివిధతీర్థకల్పములో అర్బుదాచలమును వర్ణించుచు ఈ జీర్ణోద్ధారమును చెప్పెను. ఆ గ్రంథమునందే తెలుగునాటి కొలనుపాక మాణిక్యదేవుని గూర్చియు ఒక కల్పము కలదు. కొలనుపాకకు పోయివచ్చిన తెలుగునాటి యాత్రికులకు ఈ రెండు క్షేత్రములు ఒకే గ్రంథములో కలిసినవని తెలిసినచో సంతోషము కలుగును.

బాగుచేసిన చోట్ల పని మొదటిదానియంత సన్నము కాదు. తేడా తెలియును. నూరేండ్ల వెనుకటి చేయి తిరిగి దొరకలేదు. అయినను పూజ ఆగకుండుటకై దొరికిన శిల్పులతో చేయించిరి.

1449లో మేవాడ్ మహారాణా కుంభుడు ఆబూ యాత్రికులనుండి వసూలుచేయు పన్నులను రద్దుచేసి శాసనము వేయించెను. పిదప ఇరువది ఏండ్లలోపే దిల్వాడాలో ఒక క్రొత్త గుడి లేచెను. పార్శ్వనాథుని మూడంతస్తుల గుడి 1458-59 నాటిది. పిత్తలహర్ గుడిలో 1468-69లో ప్రతిష్ఠించిన ఋషభదేవుని లోహవిగ్రహము 108 మణుగులని చెప్పుదురు. నాటి మణుగు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తూకము గనుక నేటి కిలోలలోనికి మార్చి వాదులాడుట వ్యర్థము. అయిదవది మహావీర స్వామి చిన్న గుడి, 1582 నాటిది. ఆవరణకు సమీపమున దిగంబరుల దేవాలయమును కలదు.

1950 తరువాత మరల పెద్ద జీర్ణోద్ధారము జరిగెను. సేఠ్ ఆనంద్‌జీ కల్యాణ్‌జీ పేఢీ అధ్యక్షులైన కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ పూనికతో, సోమపురా స్థపతి అమృత్‌లాల్ త్రివేది పర్యవేక్షణలో, వంశపరంపరగా రాతిపని చేయు శిల్పులే చేసిరి. ఈసారి క్రొత్తరాయి పాతదానిలో కలిసిపోయి చాలచోట్ల గుర్తుపట్టుట కష్టము. నేటి నిర్వహణ సిరోహిలోని సేఠ్ కల్యాణ్‌జీ పరమానంద్‌జీ పేఢీది.

ఎట్లు చూడవలెను

పూజ చేయదలచినవారు ఉదయమే పోవలెను. ఇతర సందర్శకులకు మధ్యాహ్నము పన్నెండు గంటల తరువాత ప్రవేశము. అప్పుడు రద్దీ ఎక్కువ. తోలు వస్తువులు లోపలికి పనికిరావు, ఫోటోలు తీయనీయరు. ఈ నిషేధము మేలే చేసినది. కెమెరా లేనివాడు తలయెత్తి కంటితో చూచును. ధర్మశాల, భోజనశాల ఉన్నవి. కనీసము రెండు రాత్రులు ఉండునట్లు బయలుదేరినచో మొదటి ఉదయము విమల వసహికి, రెండవ ఉదయము లూణ వసహికి సరిపోవును. ఒకే పూట రెండును చూచినచో మెడ నొప్పియే మిగులును.

తక్కిన సమయము కొండకు ఇవ్వవచ్చును. అచలగఢ్ సుమారు పదకొండు కిలోమీటర్లు. క్రింద అచలేశ్వరాలయము, ప్రక్కన కొలను గట్టున మూడు రాతి దున్నలు, విల్లు పట్టిన ధారావర్ష పరమారుని బొమ్మ ఉన్నవి. ఈ ధారావర్షుడే పైన చెప్పిన సోమసింహుని తండ్రి. పైన కోటలో చౌముఖ ఆదినాథ మందిరము, అందు లోహమూర్తులు. అక్కడినుండి గురుశిఖరము దగ్గర. అక్కడ దత్తాత్రేయుని గుడియు, ఆ కొండమీదనే నక్షత్రములను పరిశీలించు వేధశాలయు కలవు. నక్కీ సరస్సును దేవతలు గోళ్లతో త్రవ్విరని కథ. 1948 ఫిబ్రవరి 12న గాంధీగారి అస్థికలను ఇందు కలిపిరి.

సూర్యాస్తమయము చూచుచోటికి పోవువారికి ఒక చిక్కు. చౌవిహార్ పాటించువారు ప్రొద్దు క్రుంకకముందే భోజనము ముగించవలెను. అందరు చోటుకై గుంపుకూడు వేళయు అదియే. మొక్కజొన్న కంకులు కాల్చు వాసన చుట్టుముట్టును. పిల్లలకు అయిదు గంటలకే భోజనము పెట్టించి తీసికొనిపోవుట మేలు. లేనిచో అస్తమయమును చూచుటకన్న వారిని సముదాయించుటకే పెద్దలకు సమయము సరిపోవును. వానకాలమున దారులలో చిన్న ప్రాణులు విస్తారము గనుక నడక తగ్గించుకొనుట ఆచారమునకును, కాలు జారకుండుటకును మంచిది.

చంద్రావతి

తిరిగివచ్చునప్పుడు ఆబూరోడ్డుకు కొద్ది దూరమున బనాస్ నది ఒడ్డున చంద్రావతి ఉన్నది. పరమారుల రాజధాని, అనుపమాదేవి పుట్టినయూరు. పాలరాతి గుడులు, మేడలు నిండిన పట్టణము. నేడు పునాదులు, రాళ్ల కుప్పలు. పాలరాతిని పెక్కుమంది పెక్కుమార్లు తరలించుకొనిపోయిరి; పందొమ్మిదవ శతాబ్దిలో రైలుమార్గము వేయునప్పుడును తరలించిరి. మిగిలిన శిల్పములలో కొన్ని ఆబూలోని ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి.

ఇరుచోట్ల పనిచేసినది ఆరాసణ రాయియే, ఇంచుమించు ఒకే కాలపు శిల్పులే. దిల్వాడాకు కొండ అడ్డుగా ఉండుట ఒక కారణము కావచ్చును. గాని ఖల్జీ సేనలు ఆ కొండనుకూడ ఎక్కినవి. చంద్రావతిలో రాజు పోయిన తరువాత ఆ మేడలను తమవి అనువారు లేకపోయిరి. దిల్వాడా గుడులను మావి అనువారు ఒక్క ఊరిలో గాక పది ఊళ్లలో ఉండిరి. ఆ ఊళ్ల పట్టిక లూణ వసహి గోడమీద నేటికిని చదువవచ్చును. అక్షరములు చిన్నవి, చేతిలో దీపము లేక సరిగా కనబడవు.